శ్రీ సిద్ధేంద్రయోగి - కూచిపూడి మాన్యము

మన వైష్ణవాలయములలో స్వామికి ఇరుప్రక్కల శ్రీదేవియు, భూదేవియు వేంచేసియుందురు. తీర్థమును, శఠారిని గ్రహించి వెలుపలికి వచ్చిన భక్తుడు శ్రీదేవిని మరువడు. ఇంటికి సంపద కలుగవలెనని ఆమెను ప్రార్థించుచునే యుండును. భూదేవిని మాత్రము గుడి గడప దాటునప్పటికే మరచును. ఊరు చేరినంతనే, చేని గట్టు జానెడు జరిగినదని ప్రక్కవానితో తగవులాడును. తల్లి యని మ్రొక్కిన భూమినే సొత్తు అని వ్యాజ్యమునకు ఎక్కించును. భూమికి నిజమైన యజమాని ఎవరు? దానిపై బ్రతుకువారు ఆ యజమానికి ఏమి చెల్లింపవలెను? ఈ ప్రశ్నకు కృష్ణానదీ మండలములోని ఒక పల్లె తరతరముల పాటు తన నడవడి చేతనే సమాధానము చెప్పినది. ఆ పల్లె కూచిపూడి. ఆ నడవడిని నేర్పిన గురువు, తనకంటూ సెంటు భూమియైన లేని సన్న్యాసి శ్రీ సిద్ధేంద్రయోగి.

విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదములను ఒరసికొని ప్రవహించు కృష్ణవేణి, అచ్చటినుండి సముద్రము వరకు గల నేలనంతటిని తన ఒండ్రుతో నింపినది. ఆ నేలపై, పామర్రు నుండి చల్లపల్లి పోవు త్రోవలో కూచిపూడి యున్నది. ఊరిలో శ్రీ బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి కొలువైయున్నాడు. సమీపముననే మొవ్వ. క్షేత్రయ్య పదములకు ఆలంబనమైన మువ్వగోపాలుడు అచ్చటి వేణుగోపాలస్వామియే. నదీతీరమున శ్రీకాకుళము. శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున సాక్షాత్కరించి ఆముక్తమాల్యద రచింపుమని ఆనతిచ్చిన ఆంధ్రమహావిష్ణువు అచ్చట వెలసియున్నాడు. ఈ నేలలో వరి ఎంత బాగుగ పండినదో, హరిభక్తియు అంత బాగుగనే పండినది.

కూచిపూడివారి ఆట సిద్ధేంద్రులకు పూర్వమునుండియు ప్రసిద్ధమే. మాచుపల్లి కైఫీయతులో ఒక వృత్తాంతము కలదు. సిద్ధవటము సీమను ఏలుచుండిన సమ్మెట గురవరాజు ప్రజలను, ముఖ్యముగ స్త్రీలను, హింసించి ధనము రాబట్టుచుండెనట. ఆ దారిని పోవుచు ఆ ఘోరమును కనులార చూచిన కూచిపూడి భాగవతులు విజయనగరము చేరి, వీరనరసింహరాయల కొలువులో ఆ హింసనే వేషము కట్టి ప్రదర్శించిరట. రాయలు విషయము గ్రహించి, ఆ దుర్మార్గుని శిక్షింపజేసెనని కైఫీయతు చెప్పుచున్నది. రాజు ఎదుట నిజమును పలుకగల ధైర్యము ఈ ఊరివారికి ఉండెననుటకు ఇది సాక్ష్యము. అయినను ఊరూర తిరుగు ఆటగాండ్రకు నిలుకడయైన ఆధారము లేదు. వారి విద్యకు ఒక పరమార్థమును, వారి జీవితమునకు ఒక నియమమును కూర్చినవారు సిద్ధేంద్రులే.

సిద్ధేంద్రులు 17వ శతాబ్దివారని పలువురి అభిప్రాయము. వారి జీవితము శాసనములలో కంటె భాగవతుల ఇండ్లలోనే పదిలముగ నున్నది. తాత మనుమనికి, గురువు శిష్యునికి చెప్పుచు వచ్చిన ఆ కథ ఇట్లు. పూర్వాశ్రమమున ఆయన పేరు సిద్ధప్ప. చిన్ననాటనే తలిదండ్రుల అండ కోల్పోయిన ఆ బాలుడు గురుకులమున పెరిగి వేదశాస్త్రములతో పాటు నాట్యశాస్త్రమును కూడ అభ్యసించెను. శ్రీకృష్ణలీలాతరంగిణి కర్తయగు నారాయణతీర్థులవారు ఆయనకు గురువులని సంప్రదాయము. నాటి ఆచారము ననుసరించి బాల్యముననే ఆయనకు వివాహమైనది. చదువు ముగిసి యౌవనము వచ్చిన పిమ్మట, వధువును కాపురమునకు తెచ్చుకొనుమని అత్తవారినుండి కబురు వచ్చెను.

ఆ ఊరు ఏటికి ఆవలి ఒడ్డున నున్నది. సిద్ధప్ప తీరము చేరునప్పటికి ప్రొద్దు వాలినది, పడవ దొరకలేదు. భార్యను చూడవలెనను తొందరలో ఆయన నీటిలోనికి దిగెను. నడియేటికి పోవునప్పటికి వరద పొంగి వచ్చెను. వెనుకకు పోవుటకు శక్తి లేదు, ముందుకు పోవుటకు దారి లేదు. ఆ క్షణమున ఆయన మనస్సు తాను వెదకికొనుచు పోవుచున్న సుఖము నుండి మరలి పరమాత్మపై నిలిచెను. ప్రాణము నిలిచినచో ఇక ఈ బ్రతుకు స్వామిదే యని సంకల్పించి, నీటిలోనే ఆతుర సన్న్యాసమును స్వీకరించెను. కృష్ణుని పేరు వహించిన ఆ నది ఆయనను ముంచలేదు, ఒడ్డున చేర్చినది.

గండము గడచిన పిమ్మట మ్రొక్కును మరచువారే లోకమున ఎక్కువ. ఆపదలో తీసికొన్న సన్న్యాసమును ఎవరును చూడలేదు. దానిని దాచుకొని గృహస్థుగ ఉండిపోయినను అడుగువారు లేరు. సిద్ధప్ప అట్లు చేయలేదు. అత్తవారింటికి పోయి, జరిగినదంతయు నివేదించి, గృహస్థాశ్రమము నుండి సెలవు గైకొనెనని పెద్దలు చెప్పుదురు. ఇచ్చట మనము ఒక మాట మరువరాదు. ఆ దినము ఆయన సన్న్యాసియైనాడు, కాని అంతటితో ఆ ఇంటి ఆడుబిడ్డ కాపురమును ముగిసినది. ఆమె పేరు సంప్రదాయము నిలుపలేదు. పిమ్మట ఆ యోగి రచనలో స్వామికై తపించు ఒక స్త్రీ హృదయము అంత లోతుగ పలుకుటకు, ఆ ఇంటి ముంగిట తాను చూచిన కన్నీరును కొంత కారణమై యుండునని తలచిన తప్పు లేదు.

సిద్ధేంద్రులు పారిజాతాపహరణ కథను గ్రహించి రచన సాగించిరి. అదియే భామాకలాపముగ ప్రసిద్ధికెక్కినది. కథ మనకందరకు తెలిసినదే. నారదుడు దేవలోకమునుండి తెచ్చిన పారిజాతపుష్పమును శ్రీకృష్ణుడు రుక్మిణికిచ్చెను. అది విని సత్యభామ అలిగెను. ఆమెను అనునయించుటకు స్వామి స్వర్గమునకేగి పారిజాత వృక్షమునే కొనివచ్చెను. భామాకలాపములో సత్యభామ తెర వెనుకనుండి తన జడను తెరపైకి విసరి ప్రవేశించును. తన సౌందర్యముచే, ఐశ్వర్యముచే, స్వామి తనవాడేయను నమ్మకముచే ఆమె గర్వించును. స్వామి దూరమగును. విరహమున ఆ గర్వమంతయు కరిగి, చెలికత్తె మాధవిని రాయబారము పంపి, కడకు స్వామి పాదములను చేరును. జీవుడు అహంకారమును విడిచి పరమాత్మను పొందు మార్గమే ఇందలి అంతరార్థమని పెద్దలు వ్యాఖ్యానింతురు.

వైష్ణవులు ఇందు మరియొక మర్మమును గుర్తింతురు. రుక్మిణి శ్రీదేవి యంశ, సత్యభామ భూదేవి యంశ. నరకాసుర వధ నాడు ఆమె స్వామి వెంట రణమునకు పోయినదియు, వరాహమూర్తి ఉద్ధరించినదియు ఆ భూదేవియే. కనుక సత్యభామ పాత్రను ధరించుటయనగా భూదేవికి వేషము కట్టుటయే. నాదియను అహంకారము స్వామి సన్నిధిలో ఎట్లు కరిగిపోవునో ఆ వేషధారి తన శరీరముతో అనుభవింపవలసియున్నది.

ఈ రచనను ఎవరికి అప్పగింపవలెనని యోగి ఆలోచించిరి. వృత్తి కళాకారుల జోలికి పోక, కూచిపూడిలోని బ్రాహ్మణ కుటుంబముల బాలురను చేరదీసి ఆటను, పాటను, అభినయమును నేర్పిరి. ఆ కుటుంబములవారిచే ఒక ప్రమాణము చేయించిరి. ఊరిలో పుట్టిన ప్రతి మగబిడ్డయు జీవితములో ఒక్కమారైన సత్యభామ వేషమును ధరింపవలెను. ధనవంతుడైనను, పేదవాడైనను, గొప్ప నటుడైనను, కాకున్నను దీనికి మినహాయింపు లేదు. తాత ఆడిన పాత్రను తండ్రియు, తండ్రి ఆడిన పాత్రను కొడుకును ఆడవలెను. పురుషుడనను గర్వము, కులీనుడనను గర్వము, విద్వాంసుడనను గర్వము, ఈ మూడును ఒకనాటి రాత్రి జడకుచ్చులతో పాటు వ్రేలాడి, తెల్లవారునప్పటికి రాలిపోవలెనని యోగి తలంపు. ఆ కుటుంబములకు భాగవతులనెడి పేరు ఇందుకే సార్థకమైనది.

యోగి నాటిన మొక్క చిగిరించి పూచిన కాలమున గోలకొండను అబుల్ హసన్ కుతుబ్‌షా ఏలుచుండెను. తానీషాయని మనవారు పిలుచు ప్రభువు అతడే. భద్రాచల రామదాసుని చెరలో నుంచినవాడును, అక్కన్న మాదన్నలను మంత్రులుగ చేసికొన్నవాడును అతడే. విజయవాడలో ఇంద్రకీలాద్రి దిగువనున్న గుహాలయములు నేటికిని ఆ మంత్రుల పేరనే పిలువబడుచున్నవి. 1678 ప్రాంతమున తానీషా మచిలీపట్టణపు దారిని వచ్చుచు కూచిపూడియందు విడిదిచేసి, భాగవతుల ప్రదర్శనమును తిలకించెననియు, సంతసించి ఆ గ్రామమునే వారికి అగ్రహారముగ నొసగెననియు ప్రసిద్ధి. మతము వేరైనను, భాష వేరైనను, స్వామికై విలపించు సత్యభామ ఆర్తి ఆ ప్రభువు హృదయమును తాకినది. రామదాసునికి కారాగారము నిచ్చిన చేయియే భాగవతులకు భూమి నిచ్చినది. స్వామి ఎవరిచేత ఏ పని చేయించునో మనము నిర్ణయింపజాలము.

ఇచ్చట అగ్రహారమనగా ఏమో నేటివారికి కొంత చెప్పవలెను. ప్రభువు తనకు రావలసిన శిస్తును విడిచిపెట్టి, విద్యకో, పూజకో, సేవకో కొందరికి నేలను అప్పగించును. ఇట్టి నేలకు మాన్యమని పేరు. పండిన పంట అనుభవించువారిది. అయితే అది ఊరక వచ్చిన ఫలము కాదు. ఆ భూమికి కట్టవలసిన శిస్తు నాణెములుగ గాక సేవారూపమున చెల్లవలెను. కూచిపూడివారు తమ మాన్యమునకు చెల్లించిన శిస్తు భామాకలాపమే. ప్రతి తరము సత్యభామ వేషముతో ఆ బాకీని తీర్చుచు వచ్చినది. భూమి అనుభవించువాడు ఒకనాడు భూదేవియై నిలిచి, ఈ నేల నాది కాదు, నేనే స్వామి సొత్తునని ఒప్పుకొనుట కంటె తగిన శిస్తు మరేమున్నది?

ఆ సేవయందు వారొక్కరే భాగస్వాములు కారు. నాగలి పట్టి దున్నినవారు, నారు పోసినవారు, కోతలు కోసి కుప్ప నూర్చినవారు, ఆట రాత్రి తెర పట్టినవారు, దివిటీలు పట్టినవారు, అందరి చెమటయు ఆ మాన్యములో కలిసినది. ఊరి నడుమ ఆరుబయట జరుగు ఆ ఆటకు రుసుము లేదు. చాపలు వేసికొని కూర్చున్న రైతులు, కూలీలు, స్త్రీలు, బాలురు తెల్లవారువరకు చూచెడివారు. శాస్త్రము చదువని జనులకు భాగవతము అట్లే అందినది. భూమినుండి వచ్చిన ధాన్యము ఎట్లు నలుగురికి పంచబడెనో, ఆ ధాన్యముతో పోషింపబడిన విద్యయు అట్లే నలుగురికి పంచబడినది.

అగ్రహారము నిచ్చిన ప్రభువు ఎక్కువ కాలము నిలువలేదు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది, తానీషా బందీయైనాడు. పిమ్మట ఈ సీమ నిజాము చేతికి, ఆతని నుండి ఫ్రెంచివారి చేతికి పోయినది. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్టణము కోటను పట్టుకొనిరి. ఏలువారు ఇట్లు మారుచుండగ, 1763లో కూచిపూడి భాగవత కుటుంబముల వాటాలు నిర్ణయించుచు ఒక విభాగపత్రము వ్రాయబడెను. ఏ ఇంటివారికి ఎంత భాగమో అందు లిఖితమైనది. నలుగురు కూడి అనుభవించు సొత్తునకు లెక్క స్పష్టముగ నుండవలెను. లెక్క లేనిచోట భక్తియు తగవులాటగ మారును. ఆ కుటుంబముల పేర్లు నేటికిని తెలియుట ఆ పత్రము పుణ్యమే.

ఈ నేలపై బ్రతుకు సులభము కాదు. ఆనకట్టకు పూర్వము పంట వానలపై, చెరువులపై ఆధారపడియుండెను. 1832-33 నాటి నందన కరువు గుంటూరు, కృష్ణా సీమలను పీడించినది. ప్రజలు దానిని డొక్కల కరువని పిలిచిరి. 1852లో విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టుట ఆరంభమై 1855లో పూర్తియైన పిమ్మట కాలువల నీరు డెల్టాకు అందినది. తరువాత 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన మచిలీపట్టణమున వేలకొలది జనులను కబళించినది. 1952లో ఆనకట్టకు గండిపడినది, 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసినది. 1977 నవంబరు 19న దివిసీమను మరల ఉప్పెన ముంచెత్తినది. నీరు లేక ఒకమారు, నీరు మిక్కిలియై ఒకమారు భూదేవి తన బిడ్డలను పరీక్షించినది. నడియేట వరదలో చిక్కిన సిద్ధప్ప ఏ మాట నేర్చుకొనెనో, ఈ డెల్టా ప్రజలును ఆ మాటనే పలుమారులు నేర్చుకొనిరి. కాలి క్రింది నేల మన బలముచే నిలిచియుండునది కాదు.

ఉప్పెనల కంటె మెల్లగ వచ్చు మరియొక ఆపద కలదు. కుటుంబములు పెరిగిన కొలది వాటాలు చిన్నవైనవి. చదువులకు, కొలువులకు పలువురు పట్టణములు చేరిరి. 1956లో ఆంధ్ర ప్రాంతమున ఇనాముల రద్దు చట్టము వచ్చి, ఇనాము భూములు రైతువారీ పట్టాలుగ మారుటకు మార్గమేర్పడినది. సేవకు కట్టుబడి యుండిన నేలకును, తక్కిన నేలకును నడుమనున్న భేదము కాగితముపై తొలగుచు వచ్చినది. ఇట్టి సమయమున విద్యయు భూమితోపాటు పోవలసినదే. కాని పోలేదు. చింతా వెంకటరామయ్య, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటి గురువులు దానిని నిలిపిరి. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషమునకు పర్యాయపదమైనారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసున శిక్షణాలయమును స్థాపించి ఆ విద్యను దేశదేశములకు పంపిరి. పూర్వము మగవారికే పరిమితమైన ఆట 20వ శతాబ్దములో స్త్రీలకును లభించినది. సన్న్యాసి ఊహించిన సత్యభామను నేడు ఆడుబిడ్డలే ధరించుచున్నారు. పేరు తెలియని ఆ ఇల్లాలికి ఇది కొంత ఋణము తీర్చుటగ మనకు తోచును.

అయితే ఒక మాట నిష్ఠురముగనైనను చెప్పవలసియున్నది. విద్య విశ్వమంతటను వ్యాపించినది, మంచిదే. కాని దానిని పోషించిన నేలను గూర్చి, ఆ నేలకు చెల్లింపవలసిన బాకీని గూర్చి మనము తలచుట తగ్గినది. ఊరూర దేవుని మాన్యములు ఉండెను. దీపమునకు ఒక చేను, నైవేద్యమునకు ఒక చేను, పూలతోటకు ఒక చెక్క, భజనకు, పురాణశ్రవణమునకు మరికొంత అని పెద్దలు విడిచిరి. న్యాయస్థానములును ఆలయభూమికి స్వామినే యజమానిగ అంగీకరించుచున్నవి. ధర్మకర్త కావలివాడు మాత్రమే. ఆ గట్లు జరుపుకొన్నవారును, నామమాత్రపు కౌలు కూడ చెల్లింపనివారును స్వామి దర్శనమునకు వచ్చి హారతి కన్నులకద్దుకొనుట మనము చూడనిది కాదు. హారతి పళ్లెములో రూపాయి వేసి, చేని గట్టు వద్ద ఎకరము తీసికొనువాని లెక్క స్వామికి తెలియదా?

సిద్ధేంద్రులు కూచిపూడివారికి నేర్పిన ధర్మము మనకును పనికివచ్చునదే. అందరము నాట్యము చేయజాలము. అయినను నేల కలవాడు ఏడాదికొకమారైన ఆ నేల ఎదుట నిలిచి తాను కావలివాడనని తలచుకొనవచ్చును. క్రొత్తపంటలో తొలి గింజలు స్వామికి పెట్టి, పిదప కష్టపడినవారి కూలి బాకీ లేకుండ తీర్చవచ్చును. కాలువ పూడిక తీయుటలో ఊరివారితో చేయి కలుపవచ్చును. నీటిని చివరి చేను వరకు పోనిచ్చుటయు ఒక కైంకర్యమే. నేలను చవుడు చేయక, పూర్వులు ఇచ్చినట్లే బిడ్డలకు అప్పగించుటయు ఒక కైంకర్యమే. గుడి మాన్యము తన కౌలులో నున్నచో తన సొంత చేని కంటె జాగ్రత్తగ చూచుకొనుట అన్నిటికంటె గొప్ప కైంకర్యము.

విజయవాడ మీదుగ శ్రీకాకుళము, మొవ్వ క్షేత్రములను సేవింపబోవు యాత్రికులు ఒక పూట కూచిపూడియందు ఆగుదురుగాక. ఊరి వెలుపల పచ్చని వరిచేలను చూచునప్పుడు, ఆ చేల ధాన్యముతో పెరిగిన బాలకులు కాళ్లకు గజ్జెలు కట్టి భూదేవియై నిలిచిన రాత్రులను తలచుకొందురుగాక. ఒడ్డు చేర్చిన స్వామికి ఇచ్చిన మాట తప్పని ఆ యోగి, తనకు నేల లేకపోయినను ఒక ఊరికి నేలను ఎట్లు కాపాడుకొనవలెనో నేర్పినాడు. శ్రీభూసమేతుడైన శ్రీమన్నారాయణుడు మన చేతికిచ్చిన భూమిని, ఆయన సొత్తుగనే కాచు బుద్ధిని మనకందరకు ప్రసాదించుగాక.